నోటికి రాని యింగ్లీషు

మన పట్టణమున నొక విద్యార్థి పదవ తరగతి ముగించునప్పటికి ఎన్నో సంవత్సరములు ఆంగ్లభాష చదివియుండును. వాచకములు చదివినాడు; పద్యములు వల్లించినాడు; కర్తరి వాక్యములను కర్మణి వాక్యములుగా మార్చినాడు; వ్యాసములు వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొన్నాడు. అట్టివానిని ఒక కార్యాలయమునకు పంపి, అచ్చటి యధికారితో రెండు నిమిషములు ఇంగ్లీషున మాటలాడుమన్నచో నోట మాట రాదు. వచ్చిన మాటయు ముక్కలు ముక్కలుగా వచ్చును. తుదకు తల వంచుకొని తిరిగి వచ్చును. "ఇన్నేండ్లు చదివించితిమి గదా, పిల్లవానికి నాలుగు మాటలు రాలేదేమండీ?" యని తల్లిదండ్రులు మమ్ము తఱచుగా నడుగుచుందురు. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి సమాధానము చెప్పవలసినవారు ఉపాధ్యాయులే.

ఈ లోపమునకు సాధారణముగా మూడు కారణములు చెప్పుదురు. వ్యాకరణము చాలలేదని కొందఱు, పదములు చాలినన్ని రావని కొందఱు, పిల్లలకు వెఱపు ఎక్కువయని కొందఱు. వీనిలో కొంత నిజము లేకపోలేదు. కాని వ్యాకరణమున నూటికి తొంబది మార్కులు వచ్చిన బాలికయు నోరు విప్పలేకున్నది. వేలకొలది పదములకు అర్థము చెప్పగలవాడును తడబడుచున్నాడు. వెఱపు సంగతి యందుమా, అది కారణము కాదు, ఫలితము. చెప్పవలసిన మాట నాలుకపై సిద్ధముగా లేనివానికి వెఱపు గాక మఱేమి కలుగును? మా యభిప్రాయమున లోపము వేఱొకచోట నున్నది. మన బడులలో విడివిడి పదములు నేర్పబడుచున్నవి. వానిని కూర్చు సూత్రములు నేర్పబడుచున్నవి. ఇంగ్లీషు మాటలాడువారు నిత్యము వాడుకొను సిద్ధవాక్యములు మాత్రము నేర్పబడుట లేదు.

సిద్ధవాక్యమనగా, ఒక్కొక్క సందర్భమున అందఱును ఒకే తీరున పలుకు మాటల కూర్పు. అది అప్పటికప్పుడు అల్లునది కాదు. మొత్తముగా నోటికి వచ్చునది. అట్టివి లేని విద్యార్థి పాట్లు ఎట్టివో చూడుడు. మొదట తెలుగున వాక్యము తలచుకొనును. ఒక్కొక్క మాటకు ఇంగ్లీషు మాట వెదకును. తెలుగున చివర నుండు క్రియను నడుమకు తెచ్చును. అది భూతకాలమో వర్తమానమో సరిచూచును. ఇంతలో ఎదుటివాని చూపు మఱలిపోవును. ఇంత శ్రమపడి కూర్చిన వాక్యమైనను సరిగా నుండునా? "వెళ్ళి వచ్చెదను" అను మన మర్యాదను "ఐ విల్ గో అండ్ కమ్" అని పలికినచో వ్యాకరణదోష మేమియు లేదు. అయినను ఇంగ్లీషువాడు "ఎప్పుడు తిరిగి వచ్చెదవు?" అని యడుగును. అతని భాషలో ఆ సమయమున "సీ యూ" అనియో "గుడ్ బై" అనియో యందురు. ఇది సూత్రముచే తేలునది కాదు, విని తెలిసికొనవలసినదే.

మాతృభాషయందును మనము నేర్చినది ఇట్లే. "నాకు కావాలి" అని పలుకు రెండేండ్ల పసివానికి, అందలి కువర్ణము షష్ఠీ విభక్తియని తెలియునా? వాడు ఆ రెండు మాటలను ఒకే ముద్దగా తల్లి నోట విన్నాడు, ఆకలియైనప్పుడు పలికినాడు, పాలు దొరకినవి. తరువాత "నాకు వద్దు", "నాకు నిద్ర వస్తోంది" అని ఆ ముద్దనే అటునిటు త్రిప్పుకొన్నాడు. చుట్టము వచ్చిన "రండి, కూర్చోండి, మంచినీళ్ళు తీసుకోండి" అందుము. మన ఉత్తరాంధ్ర పల్లెలలో "ఏటి సంగతులు?" అని పలుకరింతురు. చిన్నవారు నమస్కరించిన "చల్లగా నుండు" మని దీవింతుము. ఎవ్వరును వీనిని ఆలోచించి అల్లుట లేదు. మన నిత్యసంభాషణలో పెద్దభాగము ఇట్టి సిద్ధవాక్యములే. అవి తమంత దామే వచ్చుచుండుటచేత మిగిలిన ఆలోచన చెప్పదలచిన సంగతిపై నిలుచును. మాట ధారాళముగా సాగుటలోని మర్మ మిదియే.

ఇక అసలు సంగతికి వత్తము. ఇంగ్లీషు మాటలాడు నింట పుట్టిన బిడ్డకు ఈ సిద్ధవాక్యములు ఆస్తివలె ఉచితముగా సంక్రమించును. భోజనపు బల్లయొద్ద, టెలిఫోనునొద్ద, అతిథుల నడుమ వానిని దినమునకు నూఱుమారులు వినును. వానికి వ్యాకరణమున మార్కులు తక్కువ వచ్చినను మాటకు కొఱత యుండదు. పెద్ద జాలారిపేటనుండియో, రేవు కూలీల వాడనుండియో, అనకాపల్లి గ్రామములనుండియో బడికి వచ్చు బిడ్డకు ఇంట ఆ యాస్తి లేదు. బడియు ఇయ్యనిచో ఇక నెవ్వరిత్తురు? ఉద్యోగమునకు ఇంటర్వ్యూ చేయువారు ఈ భేదమును గమనింపరు. మొదటివానిని తెలివిగలవాడనియు, రెండవవానిని మందమతియనియు తలంతురు. ఇది తెలివియందలి భేదము కాదు. ఇంట విన్న మాటల భేదము. బడి పూడ్చదగిన అన్యాయములలో ఇది యొకటి.

మన పట్టణమునకు ఈ విషయము మఱింత ముఖ్యము. 1933లో రేవు తెఱవబడినది. 1941లో ఓడల కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. ఎందఱి పోరాటముననో సాధించుకొన్న ఉక్కు కర్మాగారము 1992లో జాతి కంకితమైనది. వీనిని నమ్ముకొని ఒడిస్సా, బెంగాలు, కేరళ, బీహారు మొదలగు రాష్ట్రములనుండి జనులు వచ్చి యిచ్చట స్థిరపడిరి. కావున ఇచ్చట ఇంగ్లీషు దొరలతో మాటలాడు భాష కాదు. ప్రక్కనున్న పనివానితో, బ్యాంకు గుమాస్తాతో, ఆసుపత్రి నర్సుతో అవసరమునకు మాటలాడు భాషలలో నొకటి.

సిద్ధవాక్యములను కంఠస్థము చేయుట చిన్నపిల్లల పనియని నవ్వువారు మన రేవువైపు ఒకసారి చూడవలెను. లోనికి వచ్చు ఓడ కప్తాను ఒక దేశమువాడు, నావికులు మఱొక దేశమువారు, దారిచూపు పైలట్ మనవాడు. వీరి నడుమ ఒక్క మాట తప్పుగా వినబడిన ఓడ గట్టుకు తగులును. అందుచేత అంతర్జాతీయ సముద్రయాన సంస్థవారు మొదట 1977లో ఒక నావిక పదకోశమును, 2001లో అంతకంటె విపులమైన ప్రామాణిక వాక్యముల సంపుటమును ఆమోదించిరి. "వాట్ ఈజ్ యువర్ పొజిషన్?", "ఐ రిక్వైర్ అసిస్టెన్స్" అను నట్టి వాక్యములు అందు సందర్భానుసారముగా కూర్పబడినవి. వినబడనిచో "సే ఎగెయిన్" అనవలెను. చెప్పబోవునది ప్రశ్నయో హెచ్చరికయో తెలియుటకు వాక్యమునకు ముందు "క్వశ్చన్" అనియో "వార్నింగ్" అనియో చేర్చుకొనవచ్చును. చుక్కాని పట్టినవాడు తనకిచ్చిన యాజ్ఞను మరల పైకి పలికి, పిమ్మట అమలు జరుపవలెను. ఓడ నడుపు యధికారులు ఈ వాక్యములను వాడ నేర్చియుండవలెను. సముద్రమున తల నెరసిన కప్తానులు సిద్ధవాక్యములను వల్లించుట నామోషీ యనుకొనరు. మన విద్యార్థులేల సిగ్గుపడవలెను?

ఆకాశయానమునందును ఇదే నియమము. 1977 మార్చి 27వ తేదీని టెనెరిఫె ద్వీపమున రెండు పెద్ద విమానములు నేలమీదనే ఢీకొని 583 మంది మరణించిరి. పొగమంచు మొదలగు కారణము లనేకములుండగా, మాట స్పష్టముగా లేకపోవుటయు నందొకటి. విమానము పరుగు మొదలిడినదని పైలట్ చెప్పిన వాక్యము ప్రామాణికమైనది కాదు. విమానము ఇంకను నిలిచియున్నదని నియంత్రణ గోపురమువారు తలచిరి. తరువాత "టేకాఫ్" అను మాటను అందుకు అనుమతి నిచ్చునపుడో, ఇచ్చిన యనుమతిని రద్దుచేయునపుడో తప్ప వాడరాదని నియమమేర్పడినది. ప్రాణములమీదికి వచ్చుచోట అప్పటికప్పుడు వాక్యము లల్లుటను మానవలెనని లోకము తెలిసికొన్నది.

ఇది క్రొత్తగా కనిపెట్టిన మార్గము కాదు. మన భాషకు నిఘంటువు కూర్చిన సి. పి. బ్రౌను దొర 1817లో మద్రాసునకు వచ్చి తెలుగు నేర్చినవాడు. ఆయన 1840లో తెలుగు వ్యాకరణము ప్రకటించెను. అటుపిమ్మట నిఘంటువులు ప్రకటించెను. అంతటితో నాగెనా? 1852లో "వాక్యావళి" యను పేర ఇంగ్లీషు, తెలుగు నుడికారముల సంపుట మొకటి వెలువరించెను. సంభాషణల పుస్తకమును కూర్చెను. వ్యాకరణమును నిఘంటువును తన చేతితో వ్రాసిన పండితుడే, అవి రెండును చాలవని గ్రహించి వాక్యముల పుస్తకము వ్రాసెననిన, అంతకు మించిన సాక్ష్య మేమి కావలెను? మన పొరుగుననే పర్లాకిమిడిలో నుండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు, వ్రాతయే లేని సవర భాషను సవరల నోట విని నేర్చిరి. దాని వ్యాకరణమును 1931లో ప్రకటించిరి. ముందు చెవి, తరువాత నోరు, ఆ పిమ్మట వ్యాకరణము. ఇదియే ఆయన నడచిన వరుస.

శాస్త్రజ్ఞులును ఈ మాటనే బలపఱచుచున్నారు. జపాను దేశమున ఆంగ్లబోధనను సంస్కరించిన హెరాల్డు పామరు అను నాయన, మన రేవు తెఱచిన 1933లోనే, టోకియోలో ఇంగ్లీషు పదబంధములపై నొక నివేదిక ప్రకటించెను. ఇట్టి కూర్పులను ముక్కలు చేయక మొత్తముగా నేర్వవలెనని యందు వాదించెను. 1983లో పాలీ, సైడర్ అను నిరువురు భాషాశాస్త్రజ్ఞులు, మానవుడు మాటలాడునపుడు ఒకసారి ఒక చిన్న ఉపవాక్యమునకు మించి క్రొత్తగా అల్లజాలడనియు, అయినను ధారాళముగా పలుకగలుగుటకు జ్ఞాపకముననున్న వేలకొలది సిద్ధవాక్యములే యాధారమనియు వివరించిరి.

ఇందుకు కొందఱు ఆక్షేపణలు చెప్పుదురు. "ఇది చిలుకపలుకు కాదా? పిల్లలిప్పటికే గైడ్లు బట్టీపట్టి చెడుచున్నారు గదా!" యందురు. ఆక్షేపణ విచారింపదగినదే. గైడులోని వ్యాసము పరీక్షగదిలో ఒక్కసారి వ్రాసి మఱచిపోవునది. దానిలో ఒక్క మాట కదల్చినను కూలిపోవును. సిద్ధవాక్యము అట్టిది కాదు. "వుడ్ యూ మైండ్" అను మొదలు స్థిరముగా నుండును. దాని వెనుక "ఓపెనింగ్ ది విండో" అనవచ్చును, "వెయిటింగ్ ఎ మినిట్" అనవచ్చును, "రిపీటింగ్ దట్" అనవచ్చును. ఒక అచ్చు దొరకిన నూఱు వాక్యములు దొరకినట్లే. ఇట్టివి పది పలికిన పిమ్మట, దాని వెనుక క్రియ ఎప్పుడును "ఇంగ్" తోడనే వచ్చుచున్నదేమని విద్యార్థియే యడుగును. అప్పుడు వ్యాకరణము చెప్పుడు. అది మనసున నాటుకొనును. కావున సిద్ధవాక్యము వ్యాకరణమునకు శత్రువు కాదు, ముందు నడచు దివిటీ.

అయితే అర్థము తెలియక పలికిన మాత్రము నిజముగా చిలుకపలుకే యగును. "అయామ్ అఫ్రెయిడ్ ఐ కాంట్" అనునపుడు అందు భయమేమియు లేదు. కాదనవలసిన మాటను మెత్తగా కాదనుట. "హౌ ఆర్ యూ?" అని యడిగినవారికి మన మోకాలినొప్పి చరిత్రయంతయు చెప్పబనిలేదు, "ఫైన్, థాంక్యూ" అని వారి క్షేమము మఱల నడిగిన చాలును. ప్రతి వాక్యమును ఎవరితో, ఎక్కడ, ఏ యుద్దేశముతో పలుకుదురో చెప్పియే నేర్పవలెను.

మర్యాద విషయమున నీ యవసరము మఱింత కన్పట్టును. తెలుగున మనకు "నీవు", "మీరు" అను భేదము కలదు, "గారు" కలదు, మాట చివర "అండి" కలదు. ఇంగ్లీషున నందఱును "యూ"యే. అందుచేత ఆ భాషలో మర్యాద సర్వనామమున గాక, వాక్యపు కూర్పులో నిమిడియున్నది. మన బాలుడు గుమాస్తాతో "ఆ ఫారం ఒకటి ఇప్పించండి" యని యెంతో వినయముగా నడుగ నేర్చినవాడు. అతడే ఇంగ్లీషున "గివ్ మీ ది ఫారం" అనును. వ్యాకరణము సరియే, గుమాస్తా చెవికి మాత్రమది యధికారము చేసినట్లుండును. "కుడ్ ఐ హావ్ ఎ ఫారం, ప్లీజ్?" అను వాక్యము మొత్తముగా వచ్చియుండిన, అతని వినయము భాష మాఱినను చెడకుండును. మంచి పెంపకముగల మన బిడ్డలు మాట తెలియని కారణమున మొరటువారుగా కనబడుట మాకు కష్టము కలిగించుచున్నది.

ఏ వాక్యములతో మొదలిడవలెను? ముందుగా ఆపదలో నాదుకొనునవి. "సారీ, ఐ డిడ్ నాట్ క్యాచ్ దట్", "కుడ్ యూ సే దట్ ఎగెయిన్, ప్లీజ్?", "వాట్ డజ్ దట్ మీన్?", "లెట్ మీ థింక్ ఫర్ ఎ మొమెంట్". ఈ నాలుగును వచ్చిన విద్యార్థి ఎంత పెద్దవాని యెదుటనైనను మూగవోవడు. అర్థము కాకపోవుట తప్పు కాదు. అర్థము కాలేదని చెప్పుటకు మాట లేక నిలిచిపోవుటయే చిక్కు. తరువాత అడుగుటకు, అనుమతి కోరుటకు, కృతజ్ఞత తెలుపుటకు, టెలిఫోనున పలుకుటకు, రైల్వేస్టేషనునను ఆసుపత్రిలోను సమాచారము తెలిసికొనుటకు. పిమ్మట అభిప్రాయము చెప్పుటకు: "ఐ సీ యువర్ పాయింట్, బట్" అని మొదలిడి విభేదింప నేర్చినవాడు కోపము లేక వాదింపను నేర్చును.

నేర్చు విధానము సులభము. మంచి యుచ్చారణగలవారు పలుకగా వినవలెను. ఇప్పుడు సెల్‌ఫోనుననే వినవచ్చును. ఒక్క ఊపిరిలో, ముక్కలు చేయక, గట్టిగా పలుకవలెను. అచ్చు నుంచి నింపుడుమాటలను ఐదుమారులు మార్చవలెను. ఆ దినముననే నిజమైన యొక సందర్భమున వాడవలెను. మఱునాడు, వారమునకు, నెలకు మఱల స్మరింపవలెను. నోటుపుస్తకమున వ్రాసికొనుటతో తృప్తిపడరాదు. ఈత పుస్తకమున నేర్చినవాడు రామకృష్ణా బీచిలో తేలడు గదా! వారమునకు ఐదు వాక్యములు చాలును. ముప్పది వారములకు నూటయేబది యగును. అవి నిజముగా నోటికి వచ్చిన నిత్యావసరములలో పెక్కు తీరును.

తరగతిలో మొదట అందఱును కలసి పలుకవలెను. బిడియముగల బిడ్డ ఆ సామూహిక కంఠమున తన కంఠమును దాచుకొని పలుకును; ఎవరును గమనింపరు. తరువాత ఇద్దఱిద్దఱుగా పలికింపవలెను, తుదకు ఒంటరిగా. ఈ వరుస తప్పి, మొదటనే లేపి నిలువబెట్టిన ఆ బిడ్డ నోరు ఆ సంవత్సరమున మఱల తెఱువదు. తప్పు పలికినవానిని చూచి నవ్వుట ఆ గంటలో నిషేధింపవలెను.

ఇక మా సూచన. పదవతరగతి పబ్లిక్ పరీక్ష వ్రాతపరీక్షయే. పరీక్షలో లేనిదానికి తరగతిలో కాలము దొరకదనుట అందఱెఱిగినదే. కావున ప్రతి ఆంగ్లపు గంట మొదట పది నిమిషములు నోటి యభ్యాసమునకు కేటాయించి, ప్రతి టరమున నొక మౌఖికపరీక్ష జరిపి, దాని మార్కులను ప్రగతిపత్రమున వేఱుగా చూపవలెనని పాఠశాలాధికారులను కోరుచున్నాము. ఇందుకు ధనవ్యయము లేదు; క్రొత్త పుస్తకములు నక్కఱలేదు. ఉపాధ్యాయులు తరగతి నడుపునపుడు ఆ వాక్యములనే వాడుచుండవలెను.

తల్లిదండ్రులు తమకు ఇంగ్లీషు రాదని వెనుకాడ నవసరము లేదు. సాయంకాలము బిడ్డను కూర్చుండబెట్టుకొని, "ఈ వారము నేర్చిన ఐదును చెప్పు, ఎప్పుడెప్పుడు వాడుదురో తెలుగున చెప్పు" మని యడిగిన చాలును. వినువారుండిన పలుకువానికి ఉత్సాహము కలుగును.

సిద్ధవాక్యములు వాకిలి మాత్రమే, ఇల్లు కావు. లోనికి పోయిన పిమ్మట చెప్పుటకు సంగతి యుండవలెను. అది చదువువలన, ఆలోచనవలన వచ్చును. మాతృభాషను ఉపేక్షించినవానికి ఆ సంగతియే కరవగును. అయినను వాకిలి తెఱువనిచో ఎంత జ్ఞానమున్నను వీథిలోనే నిలువవలసివచ్చును.

విద్యార్థులారా! ఇంట ఇంగ్లీషు లేదని చింతింపకుడు. ఇతరులకు ఊరక వచ్చినదానిని మీరు కష్టపడి సంపాదింపవచ్చును. ఈ సంచిక చేత నుండగనే పైని జెప్పిన నాలుగు వాక్యములను పైకి చదువుడు. రేపు బడిలో ఒకదానిని వాడుడు. మొదటి దినమున నాలుక తడబడును. పదవ దినమున అలవాటగును. సంవత్సరాంతమున అది మీ సొంతమగును.